డ్రైవర్ లేని జీపులో బాలవ్వ

కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా డ్రైవర్ లేకుండా జీపును తీసుకుపోయిన మనిషి ఈ జిల్లాలో నేనొక్కణ్ణే. స్టీరింగు ముందు ఎవరూ లేరు. క్లచ్చి మీద కాలు లేదు. మలుపు వచ్చినప్పుడల్లా స్టీరింగు దానంతట అదే తిరిగింది. తాడ్వాయి దాటింది, లింగంపేట దాటింది, ఎక్కడా ఒక్క గీత పడలేదు. చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఇందులో అబద్ధం లేదు. కొంచెం ఆగితే మిగిలిన నిజం కూడా చెబుతాను.

దయ్యాల సంగతి ముందే తేల్చేస్తాను. నేను నమ్మను, ఎన్నడూ నమ్మలేదు. కామారెడ్డిలో నలభై ఏండ్లు జీపుల మెకానిక్‌గా పనిచేశాను. నా షెడ్డు వెనక గోడ అవతలంతా స్మశానమే. మధ్యాహ్నం అన్నం తిని ఆ గోడ నీడలోనే పడుకునేవాణ్ణి. పల్లెలకు వంద శవాలను నా జీపులోనే చేరవేశాను, ఒక్కటీ లేచి కూర్చోలేదు.

వంద అంటే వంద కాదు. మూడు. అందులో ఒకాయన దారిలో దగ్గాడు. ఆసుపత్రివాళ్ల తొందరపాటు కాదు, ఇంట్లోవాళ్లే చనిపోయాడనుకుని నన్ను పిలిచారు. ఆయన ఆ తర్వాత ఆరేండ్లు బతికాడు. ఇదెందుకు చెబుతున్నానంటే, ఒక మనిషి దగ్గితే దయ్యం అని నేను బండి వదిలి పారిపోలేదు. పక్కకు ఆపి నీళ్లు తాగించాను. నేను అలాంటివాణ్ణి.

ఇప్పుడు జీపు సంగతి.

మా ఇంటామె పేరు బాలవ్వ. ఆమె తమ్ముడు నర్సింలు దుబాయిలో పదిహేనేండ్లు బండ్లు నడిపి వచ్చాడు. అక్కడ ఎడారిలో సెలవులు గడిపేవాళ్లకు చక్రాల మీద ఇండ్లుంటాయట. పెద్ద బస్సులోనే మంచాలు, పొయ్యి, స్నానాల గది. ఆ బస్సు వెనక ఒక ఫోర్‌వీల్ బండిని కట్టుకుపోతారు. బస్సును ఒకచోట నిలిపి, చిన్న బండిని విప్పుకుని ఇసుకలో తిరుగుతారు. నర్సింలు అది చూసి చూసి, ఇంటికి వచ్చాక ఒక కాలేజీ పాత మినీబస్సు కొన్నాడు. సీట్లు పీకేసి రెండు మంచాలు వేశాడు, గ్యాసు పొయ్యి పెట్టాడు, పైన నీళ్ల ట్యాంకు బిగించాడు. వెనక మూలకు ఒక కమోడు కూడా పెట్టాడు. దాన్ని వాడే ధైర్యం ఇంతవరకు మా ఇంట్లో ఎవరికీ రాలేదు. మేమంతా దాన్ని ఇల్లుబండి అంటాం.

దాని వెనక కట్టడానికి ఫోర్‌వీల్ జీపు ఎవరి దగ్గరుంది? నా దగ్గరుంది.

బండిని బండి వెనక కట్టి లాగడాన్ని మా డ్రైవర్లు టోచన్ అంటారు. మామూలు టోచన్‌లో తాడు కడతారు, వెనక బండిలో ఒకడు కూర్చుని స్టీరింగు తిప్పుతూ బ్రేకు తొక్కుతూ పోతాడు. నర్సింలు పద్ధతి అది కాదు. వెల్డింగ్ షాపులో ఇనుప కడ్డీలతో ఒక త్రికోణం చేయించాడు. దాని ముక్కు బస్సుకు, రెండు కాళ్లు జీపు ముందరి బంపరుకు. పిన్నులు పెట్టి, రెండు పక్కలా గొలుసులు వేస్తే జీపు నాలుగు చక్రాల మీదే వెనకాల నడిచి వస్తుంది. లోపల మనిషి అక్కర్లేదు. బస్సు ఎటు తిరిగితే జీపు ముందు చక్రాలు అటు తిరుగుతాయి, వాటితో పాటు స్టీరింగు కూడా.

నేను మొదట గొప్పగా చెప్పిన డ్రైవర్ లేని జీపు ఇదే. దాన్ని నేను తీసుకుపోలేదు, నర్సింలు బస్సు లాక్కుపోయింది. నేను బస్సులో మంచం మీద పడుకుని ఉన్నాను.

జీపును మామూలుగా నడుపుకుంటూ పోవచ్చు కదా అని అడుగుతారు. పోయినేడు నా రెండు కళ్లకూ మోతిబిందు, అంటే శుక్లాల ఆపరేషన్ అయింది. పెద్ద రోడ్డు మీద బండి నడపనని బాలవ్వ నా చేత ఒట్టు వేయించుకుంది.

టోచన్‌కు ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈ ఒక్క ముక్క మనసులో పెట్టుకోండి, మిగిలిందంతా దీని మీదే ఉంది. ఫోర్‌వీల్ జీపులో పెద్ద గేరు పక్కన ఒక చిన్న గేరు ఉంటుంది. ఇంజను బలం రెండు చక్రాలకు పోవాలా, నాలుగింటికీ పోవాలా అన్నది అది చూసుకుంటుంది. దాన్ని న్యూట్రల్‌లో పెడితే ఇంజనుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. అప్పుడు పెద్ద గేరు ఫస్టులో ఉన్నా, ఎక్కడున్నా ఒకటే, చక్రాలు ఉత్తగా తిరుగుతాయి. టోచన్‌కు అలాగే పెట్టాలి. పెట్టకపోతే ఎల్లారెడ్డి చేరేలోపు లోపలి గేర్ల పళ్లన్నీ పొడైపోతాయి.

నా జీపులో ఆ చిన్న గేరు మహా మొండిది. ఆ రోజు పొద్దున కామారెడ్డిలో దాన్ని న్యూట్రల్‌కు తేవడానికి నేను సీటు మీద మోకాలు ఆనించి రెండు చేతులతో గుంజాను. నర్సింలు జీపును ముందుకూ వెనక్కూ ఊపుతూ నిలబడ్డాడు. చివరికి పడింది. పెట్టింది నేనే, నా చేత్తోనే.

ఎల్లారెడ్డి ఇవతల రోడ్డు పక్కనే మా మరదలు సుగుణ చేను ఉంది. బాలవ్వకు ఆమె చెల్లెలు. కొత్త ఇల్లుబండిని అక్కడ చూపించి, అన్నం తిని, జీపు విప్పుకుని చేన్ల వెంట తిరిగి రావాలని అనుకున్నాం. పొద్దున తొమ్మిదింటికి బయలుదేరాం. జీపు వెనక నర్సింలు ఒక బోర్డు కట్టాడు. దాని మీద పెయింటరు చేత 'ఈ జీపులో డ్రైవర్ లేడు, దూరము పాటించుము' అని రాయించాడు. ఆ బోర్డు చదవడానికే మోటార్‌సైకిళ్లవాళ్లు దగ్గరికి వచ్చారు.

బాలవ్వ బస్సు వెనక కిటికీ దగ్గర కూర్చుంది. కొంత దూరం పోయాక నన్ను లేపింది.

"ఎవలు లేకుండ అది గట్ల తిరుగుతుంటే సూడబుద్ధి గాదయ్యా. తెర గుంజు."

తెర గుంజాను. లోపల కొత్త పెయింటు వాసన, కొత్త స్పాంజి వాసన. తెర వేశాక గాలి కూడా తగ్గింది. లింగంపేట చేరేసరికి ఆమెకు రెండుసార్లు వాంతి అయింది.

లింగంపేటలో చాయ్‌కి ఆగాం. జీపు చుట్టూ జనం మూగారు. ఒక ముసలామె బానెట్‌ను ముట్టుకుని ఆ చేతిని కళ్లకు అద్దుకుంది. ఒకాయన వంగి లోపలికి చూసి "డ్రైవర్ ఏడి?" అన్నాడు.

"లోపటనే ఉన్నడు. మీ కండ్లకు కనవడడు," అన్నాను.

ఆ మాట అన్నందుకే తర్వాతది జరిగిందని సుగుణ అంటుంది. నేను ఒప్పుకోను. కానీ అన్న మాట అన్నట్టే రాస్తున్నాను.

సుగుణ చేను దగ్గర రోడ్డు ఒక గడ్డ ఎక్కుతుంది. ఎక్కే ముందు చిన్న మలుపు ఉంటుంది. ఆ మలుపు దగ్గర రోడ్డు దిగి నేరుగా పోతే చేను, చేను అంచున ఒకప్పుడు ఎడ్లతో మోట తోలిన పాత బావి. బోరు వేశాక ఆ బావిని ఎవరూ పట్టించుకోలేదు. చుట్టూ గోడ లేదు, తుమ్మ కంప మాత్రం ఉంది. అరవై గజాల లోతు అని నేను చాలామందికి చెప్పాను. ఇరవై కూడా ఉండదేమో. లోతు సంగతి వదిలేయండి, అందులో నీళ్లున్నాయి.

నర్సింలు బస్సును గడ్డ మీద, రోడ్డు పక్కన మట్టిలో ఆపాడు. బస్సు ముక్కు పైకి, జీపు దాని వెనక కిందికి. అప్పుడు పదకొండు దాటింది, మంచి వెలుతురు. సుగుణ చేనులోంచి చెయ్యి ఊపుతూ వస్తోంది.

బాలవ్వ బస్సు దిగి, గాలి కోసం జీపు ముందు సీటులో కూర్చుంది. డ్రైవర్ పక్క సీటు. జీపుకు తలుపులు లేవు, పైన గుడ్డ టాపు. ఆమెను దిగమని నేను అనలేదు. చల్లగా కూర్చుంది, కూర్చోనీ అనుకున్నాను.

గొలుసులు విప్పాం. ఇక బస్సు వైపున్న పిన్ను తీయాలి. నేను డ్రైవర్ వైపు వంగి పెద్ద గేరు ఫస్టులో వేశాను. మా జీపులవాళ్ల అలవాటు ఇది. పాత జీపు హ్యాండ్‌బ్రేకును ఎవరూ నమ్మరు. నాది పన్నెండేండ్లుగా అలంకారానికే ఉంది. ఎత్తు మీద ఆపితే గేరులో వేసి దిగుతాం, ఇంజనే బండిని పట్టుకుంటుంది. నలభై ఏండ్లలో వెయ్యిసార్లు అలా దిగాను. చెయ్యి దానంతట అదే ఆ పని చేస్తుంది, బుర్రను అడగదు.

నేను జీపు ముందుకు వచ్చేసరికి నర్సింలు పిన్ను మీద చెయ్యి వేసి నా వైపు చూశాడు.

"బావా, చిన్న గేరు సూసినవా?"

"నువ్వు లాగు ఏసుకోనప్పటి సంది నేను జీపులు నడుపుతున్న. ఫస్టుల ఉంది. పీకు."

పీకాడు.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత జీపు వెనక్కి కదిలింది. ఇంజను చప్పుడు లేకుండా బండి పోతుంటే ఎంత మెత్తగా పోతుందో చెప్పలేను. టైర్ల కింద చిన్న రాళ్లు నలిగిన చప్పుడు, అంతే. బాలవ్వ ముఖం నాకు ఎదురుగానే ఉంది, అది చిన్నదవుతూ పోతోంది. ఆమెకు భయం లేదు ఇంకా. నేనే ఏదో చేస్తున్నాననుకుని నా వైపు చూస్తోంది.

నేను 'బాలవ్వా' అని గొంతు చించుకుని అరిచాను. ఉరికాను. బానెట్ నా చేతికి అందినంత పనైంది.

అందలేదు. నాలుగడుగులు వేసేసరికి చెప్పు జారి మోకాళ్ల మీద పడ్డాను. ఉరికింది నర్సింలు. అతనికి కూడా జీపు అందలేదు. పక్క నుంచి సుగుణ చేతిలోని చెంబు పడేసి ఉరికింది. మలుపు దగ్గర రోడ్డు పక్కకు తిరిగింది, జీపు తిరగలేదు. నేరుగా చేనులోకి దిగింది. కోత తర్వాత మిగిలిన మక్కజొన్న కొయ్యలు టపటపా విరిగాయి. దాని వెనక తుమ్మ కంప, కంప వెనక బావి.

అప్పుడు 'టక్' మని ఒక చప్పుడు వచ్చింది. ఇనుము ఇనుములో కూర్చున్న చప్పుడు. అది నాకు తెలిసినంతగా నా గొంతు కూడా నాకు తెలియదు. వెంటనే నాలుగు టైర్లూ ఒక్కసారి మట్టిని ఈడ్చాయి. జీపు ఆగింది.

బావికి రెండు వేళ్ల దూరంలో ఆగిందని నేను కామారెడ్డిలో చెబుతూ వచ్చాను. నర్సింలు మూర వేసి కొలిచాడు. వెనక చక్రం నుంచి బావి అంచుకు నాలుగు మూరలు. తుమ్మ కంప టైరు కింద ఉంది.

నేను కుంటుకుంటూ చేరేసరికి బాలవ్వ సీటులోనే ఉంది. ముందున్న పట్టుకునే కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ఉంది. ఆ చేతులను విడిపించలేకపోయాం. సుగుణ ఒక్కొక్క వేలు తీసి నిమిరింది. తర్వాత నీళ్లు పట్టింది. బాలవ్వ బతికి ఉంది, ఎక్కడా గీసుకోలేదు. అది చూసి నేను ఆ మక్క కొయ్యల మధ్యే కూలబడ్డాను. ఏడ్చానని సుగుణ అంటుంది. చెమట కావచ్చని నేను అనేవాణ్ణి. ఏడ్చాను.

బాలవ్వ నీళ్లు తాగి మొదట అన్న మాట ఇది.

"సీటెనుక ఎవలన్న ఉన్నరా, సూడుండ్రి."

వెనక ఎవరూ లేరు. ఒక స్టెప్నీ, నీళ్ల క్యాను, అంతే.

"మరి కాళ్లు జరుపమన్నదెవలు?"

ఎవరన్నారని సుగుణ అడిగింది. బాలవ్వ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, ఇందులో నా చెయ్యి పెట్టను.

"జీపు కొయ్యలల్ల దిగంగనే ఎవలో అన్నరు. 'అవ్వా, కాళ్లు జరుపు' అన్నరు. కోపంగ గాదు, తొందరల ఉన్నట్టు అన్నరు. నేను జరిపిన. టక్కున చప్పుడయింది. ఆగింది. గంతే."

అప్పుడు నేను లోపలికి చూశాను. పెద్ద గేరు ఫస్టులో ఉంది, నేను పెట్టిందే. చిన్న గేరు న్యూట్రల్‌లో లేదు. ఫోర్‌వీల్ 'లో' గేరులో, నిదానంగా, బలంగా లాగే దాంట్లో ఉంది. అంటే నాలుగు చక్రాలకూ ఇంజను పట్టు దొరికే చోటు. ఏటవాలులో జీపును గట్టిగా పట్టి ఆపగల చోటు అదొక్కటే.

ఆ లీవరు మీద చెయ్యి వేయడానికి కొంతసేపు మనసు రాలేదు.

కాళ్లు జరుపమనే మాట తెలియనివాళ్ల కోసం చెబుతాను. ఈ రోడ్ల మీద జనాన్ని ఎక్కించుకునే జీపులు తిరిగిన రోజుల్లో ముందు సీటులోనే నలుగురు కూర్చునేవాళ్లు. గేర్లు వాళ్ల మోకాళ్ల మధ్య ఇరుక్కునేవి. గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా డ్రైవర్ "అవ్వా, కాళ్లు జరుపు" అనేవాడు. అవ్వ జరిపేది, గేరు పడేది. రోజుకు కొన్ని వందలసార్లు అనే మాట అది. అది మాటల్లో లెక్క కాదు, బండి నడపడంలో ఒక భాగం.

బాలవ్వే గేరు వేసిందేమో అని మీకు అనుమానం వస్తుంది. నాకూ వచ్చింది. ఆమె ముప్పై ఏండ్లకు పైగా బీడీలు చుట్టింది. కుడిచేతి వేళ్లు వంకర పోయాయి, డబ్బా మూత తీయాలంటే నన్ను పిలుస్తుంది. అదీ కాక ఆమె రెండు చేతులూ కడ్డీ మీదే ఉన్నాయని వెనక ఉరికిన నర్సింలు చూశాడు, పక్క నుంచి ఉరికిన సుగుణ చూసింది.

జీపును అక్కణ్ణుంచి తీయడానికి ఇంజను స్టార్ట్ చేసి ముందుకే నడిపించాం. రోడ్డు మీదికి తెచ్చాక ఆ చిన్న గేరును 'లో' గేరు నుంచి తప్పించడానికి నేనూ నర్సింలూ మార్చి మార్చి గుంజాల్సి వచ్చింది.

తర్వాత సుగుణ ఇంట్లో జొన్నరొట్టెలు తిన్నాం. బాలవ్వ రెండు తిన్నది. వాంతులైన మనిషి, బావి అంచు దాకా పోయి వచ్చిన మనిషి, మూడో రొట్టె సగం తుంచుకుని ఇంకొంచెం పచ్చిపులుసు పొయ్యమంది. నేను తినడం మరిచిపోయి ఆమె నములుతుంటే చూస్తూ కూర్చున్నాను. పెండ్లయిన ఇన్నేండ్లలో ఆమె నమలడాన్ని అంత శ్రద్ధగా ఎన్నడూ చూడలేదు.

"ఏంది గట్ల సూస్తున్నవ్? తిను," అంది.

తిన్నాను. అంత రుచైన రొట్టె మళ్లీ తినలేదు.

ఇక్కడి దాకా నన్ను మంచివాడనుకుని ఉంటే ఇకముందు అనుకోరు. కామారెడ్డి వచ్చాక ఎట్లా అయిందని అడిగినవాళ్లకు నేను పిన్ను మీద పెట్టి చెప్పాను. పిన్ను సరిగ్గా కూర్చోలేదు, టైం కాకముందే ఊడివచ్చింది, నర్సింలు చూసుకోలేదు అన్నాను. మొదట ఒకరికి చెప్పాను. రెండోసారి చెప్పేసరికి నాకే అది నిజంలా అనిపించింది. నర్సింలు భార్య అతన్ని తిట్టింది. సుగుణ అతనితో ఫోన్లో మాట్లాడటం మానేసింది. పెద్దక్కను చంపబోయినవాడు అని చుట్టాల్లో పేరు పడింది. అతను ఇల్లుబండికి తాళం వేసి పెరట్లో పెట్టేశాడు. దుబాయిలో పదిహేనేండ్లు కన్న కల అది. నేను ఆ పక్క నుంచి పోతూ దాని మీద పడుతున్న దుమ్మును చూస్తూ ఇరవై రోజులు నోరు విప్పలేదు.

ఇరవై ఒకటో రోజు పోయి చెప్పాను. చిన్న గేరు న్యూట్రల్‌లో ఉందని మరిచిపోయింది నేనే, నువ్వు అడిగితే చూడకుండా చూశానన్నట్టు మాట్లాడింది నేనే అన్నాను.

నర్సింలు బస్సు అద్దం తుడుస్తున్నాడు. తుడుస్తూనే అన్నాడు.

"నాకెర్కనే బావా. పిన్ను పీకంగనే సమజైంది."

"మరి గిన్ని దినాలు ఎందుకు జెప్పలే?"

"నువ్వు జెప్తవా, జెప్పవా అని సూసిన."

ఆ రోజే నా ఎదురుగా సుగుణకు ఫోన్ చేయించాడు. ఆమెకు నేనే చెప్పాను. ఆమె నన్ను ఏమన్నదో ఇక్కడ రాయను. కానీ ఫోన్ పెట్టేశాక నా ఛాతీ మీంచి ఇంజను దించినట్టు అనిపించింది.

తప్పు ఎవరిదో తేలింది. ఆపింది ఎవరో తేలలేదు.

నేను ఊరుకోలేదు. కామారెడ్డి బయట ఒక ఖాళీ స్థలంలో ఏటవాలు చూసుకుని జీపును అదే తీరుగా వదిలాం. లోపల నేను, పక్కన నర్సింలు. పెద్ద గేరు ఫస్టు, చిన్న గేరు న్యూట్రల్. కదిలాక చిన్న గేరును 'లో' గేరులోకి గుంజి చూశాను. పదిసార్లు చేశాం. సరే, నాలుగుసార్లు. ప్రతిసారీ పళ్లు కర్రుమని అరిచాయి, గేరు పడలేదు. బండి కదులుతుండగా అది పడదు, అలా పడకుండానే దాన్ని తయారు చేశారు.

నా కాలం మెకానిక్కులు ఇద్దరిని అడిగాను. ఒకడు కొయ్యల కుదుపుకు పడి ఉంటదన్నాడు. కుదుపుకు గేరు జారిపోవడం నేను ఎన్నో చూశాను. కుదుపుకు గేరు పడటం ఎక్కడా చూడలేదు. పైగా 'లో' గేరులోకి పోవాలంటే లీవరును పక్కకు నెట్టి గుంజాలి. రెండోవాడు ఏమీ అనకుండా చాయ్ తాగి వెళ్లిపోయాడు. నాకు ఆ జవాబే నచ్చింది.

ఆ జీపు నా చేతికి రాకముందు బాన్సువాడ రూట్లో జనాన్ని మోసింది. అప్పట్లో దాన్ని నడిపిన డ్రైవరు దాని మీదే చనిపోయాడని నేను చాయ్ హోటల్లో చెప్పాను. విన్నవాళ్లు చాయ్ చల్లారబెట్టుకున్నారు. అది పచ్చి అబద్ధం. ఆ డ్రైవరు నస్రుల్లాబాద్‌లో ఉన్నాడు. వెతుక్కుంటూ పోయాను. గట్టుమీద కూర్చుని వరికి నీళ్లు పెడుతున్నాడు, నాకంటే గట్టిగా ఉన్నాడు. ఆ రోజు పదకొండు గంటలకు ఎక్కడున్నావని అడిగితే, "ఈడనే ఉన్న, ఏడికి పోత?" అన్నాడు. ఆ జీపు మీద ఎవరైనా పోయారా అని అడిగాను. తనకు తెలిసి ఒక కోడి తప్ప ఎవరూ పోలేదన్నాడు. కాళ్లు జరుపమనే మాట గురించి అడిగితే నవ్వాడు. ఆ మాట అనని డ్రైవరు ఉంటాడా అన్నాడు.

చనిపోయినవాడు ఒకడు ఉంటే కథ కుదిరేది. లేడు. నాకు దొరికింది ఇంతే, ఒక మాట, ఒక చప్పుడు, ఉండకూడని చోట ఉన్న ఒక గేరు. దయ్యాలను నేను ఇప్పటికీ నమ్మను. కానీ జీపు ఎక్కి చిన్న గేరు మీద చెయ్యి వేసే ముందు, పక్కన ఎవరూ లేకపోయినా, కాళ్లు జరుపుకోండి అని మెల్లగా అంటున్నాను. ఎవరితో అంటున్నానో నాకు తెలియదు. ఆమెను నాకు తిరిగి ఇచ్చినవాళ్లు ఎవరైనా సరే, వాళ్లకు దారి ఇస్తున్నాననుకుంటాను.

ఇల్లుబండి మళ్లీ తిరుగుతోంది. బాలవ్వ కూడా వస్తుంది, కిటికీ తెరిచి పెట్టుకుని. జీపు విప్పేటప్పుడు మాత్రం దిగి, రోడ్డు అవతలి పక్కన, చెయ్యి నడుము మీద పెట్టుకుని నిలబడుతుంది. చిన్న గేరు నర్సింలు చూస్తాడు, తర్వాత నేను చూస్తాను, తర్వాత చక్రం వెనక రాయి పెడతాం.

ఇదంతా రాసి నిన్న మధ్యాహ్నం బాలవ్వకు చదివి వినిపించాను. బియ్యంలో రాళ్లు ఏరుతూ అంతా విన్నది. నర్సింలు మీద నింద వేసిన చోట తల ఊపింది. గొంతు గురించి రాసింది సరిగ్గానే ఉందంది. నేను కాగితాలు మడుస్తుంటే చాట పక్కన పెట్టింది.

"అన్ని సరిగనే రాసినవ్ గని, ఒక్కటి తప్పు. నువ్వు 'బాలవ్వా' అని మొత్తుకోలే. 'నా జీపు, నా జీపు' అన్నవ్. అండ్ల కూసున్నది నేను, నాకు మంచిగ ఇనవడ్డది."